పులుపు కొంచెం ఎక్కువ

మేం రెండేళ్ళ కిందట అద్దెకి దిగిన ఇంట్లో పోపు పెట్టకూడదు. అద్దె కాగితంలో అలా రాసి లేదు గానీ, నూనెలో ఆవాలు చిటపటమన్న అర నిమిషానికి వంటింటి పైకప్పుకున్న పొగ అలారం కుయ్యోమని మొదలెడుతుంది. పై అంతస్తు ముసలాయన చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగొస్తాడు. పక్కింటావిడ కుక్కని చంకనేసుకుని వీధిలో నిలబడుతుంది. రెండుసార్లు అలా అయ్యాక ఇంటి ఓనరు ఉత్తరం పంపింది, మూడోసారైతే ఇల్లు ఖాళీ చేయాలని. పోపు లేని పప్పు ఒక నెల తిని చూడండి, తెలుస్తుంది. మా ఆయన మాత్రం అది కూడా "బాగుంది" అనే తిన్నాడు. ఆయన సంగతి వదిలేయండి. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేనేం వండి పెట్టినా ఆ మాట తప్ప ఇంకో మాట ఆ నోట్లోంచి ఊడిపడలేదు. ఉప్పు మర్చిపోయిన రోజూ బాగుందే, రెండుసార్లు వేసిన రోజూ బాగుందే.

నేను కళ్ళద్దాలు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. చివరి టేబుల్ నాది. అరగదీసి, పూతలు పూసి వచ్చిన అద్దాలని దీపం కింద అటూ ఇటూ తిప్పి, గీత గానీ బుడగ గానీ కనిపిస్తే ఎర్ర ట్రేలో, లేకపోతే పచ్చ ట్రేలో వేయాలి. రోజుకి నాలుగైదు వందల అద్దాలు చూస్తాను. అంటే తప్పులు పట్టడమే నాకు అన్నం పెడుతోంది. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు. పరాయి దేశంలో ఇద్దరం పగలంతా కష్టపడి ఇంటికొచ్చి పోపు లేని పప్పు తినడమేంటని నాకు ఒళ్ళు మండింది. బయట ఎక్కడైనా మంచి కూర దొరక్కపోతుందా అని వెతకడం మొదలెట్టాను. నాది ఒకటే షరతు. ఒక మనిషి భోజనం నా గంట జీతం దాటకూడదు.

మొదట దొరికినదాంట్లో నలభై రెండు కూరల జాబితా ఉంది. నలభై రెండూ ఒకటే గ్రేవీ. ఎర్ర రంగు కలిపితే ఒక పేరు, మీగడ పోస్తే ఒక పేరు, పైన ఆకు చల్లితే ఇంకో పేరు. రెండోచోట కారం ఒకటి నుంచి అయిదు దాకా ఎంత కావాలని అడిగారు. అయిదన్నాను. వడ్డించే అమ్మాయి భయపడి లోపలికెళ్ళి మేనేజరుని తీసుకొచ్చింది. అతను నా ఆరోగ్యం గురించి నాలుగు ప్రశ్నలడిగి, చివరికి బెల్లప్పాకంలాంటి కూర పంపించాడు. ఇంకోచోట అన్నీ బాగున్నాయి, ధర తప్ప. పళ్ళెం బండిచక్రమంత ఉంది, అందులో బెండకాయ ముక్కలు నాలుగున్నాయి. బిల్లు చూసి మా ఆయన గ్లాసెడు మంచినీళ్ళు నెమ్మదిగా తాగాడు.

ఆకలి రుచెరగదంటారు. ఆ మాటన్నవాడు ఈ ఊరొచ్చి ఉండడు.

అలా ఏడాదిన్నర గడిచింది. అప్పుడు మా ఆయనకి కొత్త రూటు వేశారు. ఆ రూటులో మొదటిరోజు సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"ఏమే, ఇవాళ చివరి స్టాపులో బస్సు తలుపు తీశానో లేదో, పోపు వాసన కొట్టింది."

"మీ చొక్కాదై ఉంటుంది."

"మనింట్లో పోపు పెట్టి ఎన్నాళ్ళైంది? నా చొక్కాకి ఆ వాసనెక్కడిది? ఇంగువ కూడా తెలిసింది."

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. చివరి స్టాపు దగ్గర మలుపు తిరిగితే, బట్టలుతికే షాపుకీ తాళంచెవులు చేసే షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంది. ఎనిమిది టేబుళ్ళు, గోడకి ఒక గడియారం, అంతే. మెనూ లేదు. పప్పు, ఒక కూర, పులుసు, పెరుగు, అన్నం. ధర నా గంట జీతానికి కాస్త తక్కువే. గల్లా దగ్గర కూర్చున్నతను మన మనిషి కాదు. మన కారం తగిలితే కన్నీళ్ళు పెట్టుకుంటాడట, ఇంటి నుంచి రొట్టె తెచ్చుకుని తింటాడు. వంటంతా లోపల ఒక్క మనిషే. అరవై ఏళ్ళుంటాయి, పొట్టిగా, భుజాన తువ్వాలుతో ఉన్నారు. అందరూ మాస్టర్ అని పిలుస్తున్నారు.

మొదటి ముద్దకే నేను మాట్లాడటం మానేశాను. నేను మాట్లాడటం మానేయడమంటే మామూలు సంగతి కాదు, కావాలంటే మా ఆయన్ని అడగండి. పప్పులో పోపు సరిగ్గా నల్లబడబోయే ముందు దించిన పోపు. గుత్తి వంకాయలు వెన్నలా మగ్గాయి, ఒక్కదానికీ కాడ ఊడలేదు. ఇక పులుసు. చింతపండు నాలుక అంచుల్ని పట్టుకుంటుంది, పట్టుకున్న మరుక్షణం బెల్లం వచ్చి విడిపిస్తుంది. చెప్పొద్దూ, నాకు ముందొచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇన్నాళ్ళూ ఇది ఇక్కడ ఉడుకుతుంటే నేనక్కడ ఉడకపెట్టిన పప్పు మింగుతూ కూర్చున్నానా అని.

తలెత్తితే మాస్టర్ వంటగది కిటికీలోంచి మా వైపే చూస్తున్నారు. పళ్ళేల వైపు కాదు, మా మొహాల వైపు. చేయి తుడుచుకుంటూ బయటికొచ్చారు.

"ఎలా ఉందమ్మా?"

"పర్వాలేదండీ," అన్నాను.

"అద్భుతంగా ఉందండీ," అన్నాడు మా ఆయన. టేబుల్ కింద ఆయన కాలు తొక్కాను.

మా పుట్టింట్లో వంటని మొహం మీద మెచ్చుకోవడం లేదు. మంచిదాన్ని మంచిదంటే దిష్టి తగులుతుందని మా అమ్మ నమ్మకం. పక్కింటి పసివాణ్ణి ఎవరైనా "ఎంత బొద్దుగా ఉన్నాడో" అంటే, ఆవిడ వెంటనే "ఏం బొద్దులే, ముక్కు చూడు ఎలా చీదుతున్నాడో" అని అందుకునేది. నేను పదో తరగతిలో స్కూలు ఫస్టు వస్తే చుట్టాలందరికీ "ఏదో గట్టెక్కింది" అని చెప్పింది. కూర గిన్నె నాకి తినేసినా "ఉప్పు ఒక రవ్వ తగ్గింది" అనాల్సిందే. ఆ రవ్వే దిష్టిచుక్క. అలా పెరిగినదాన్ని, నాకు తెలిసిన మర్యాద అదే.

బయటికొచ్చేటప్పుడు గల్లా దగ్గరతను ఫోన్లో రివ్యూ పెట్టమని సైగ చేశాడు. మా ఆయన ఠకీమని అయిదు స్టార్లు నొక్కబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"మీకు బుద్ధుందా? బంగారంలాంటి చోటు దొరికింది, మీ దిష్టే తగిలేలా ఉంది. మూడు నొక్కండి."

ఆయన మూడు నొక్కాడు. నేనూ మూడే ఇచ్చాను. కింద తెలుగులో రాశాను కూడా. "వంట పర్వాలేదు. పులుసులో పులుపు కొంచెం ఎక్కువ." ఫోన్లో నా పేరుండదు, గులాబీపువ్వు బొమ్మ ఉంటుంది. ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఈ చుట్టుపక్కల ఉన్న మన ఆడవాళ్ళ గ్రూపు అది. వెళ్ళండి, తినండి, స్టార్లు మాత్రం మూడు దాటించకండి, తలా ఒక చిన్న వంక రాయండి, చోటుకి దిష్టి తగలకూడదు అన్నాను. అందరూ మా అమ్మలాంటి అమ్మల కూతుళ్ళే. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఒకావిడ వంకాయలో కారం ఎక్కువంది, ఒకావిడ పప్పు గట్టిగా ఉందంది, ఇంకొకావిడకి ఏ వంకా దొరక్క ఉప్పు మీద పడింది. ఇలా రాయమనడానికి నాకింకో కారణం కూడా ఉంది. అది అప్పటికి నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం. నెల తిరిగేసరికి పులుసు కొంచెం పల్చబడినట్టనిపించింది. మరో రెండు వారాలకి వంకాయ తెల్లబోయింది. పప్పు చారులా జారుతోంది. రెండు నెలలకి అన్నీ ఉన్నాయి, ఏదీ లేదు. గ్రూపులో కూడా మొదలెట్టారు, మాస్టర్ చెయ్యి పోయిందే అని. నాకు పట్టరాని కోపమొచ్చింది. నలుగురు రావడం మొదలయ్యేసరికి చింతపండు మిగుల్చుకుంటున్నాడు కాబోలు, ఎక్కడికి పోతుంది కక్కుర్తి అనుకున్నాను. నోట్లో నువ్వుగింజ నానదు నాకు. అప్పటికి నన్ను మధ్యాహ్నం షిఫ్టుకి మార్చారు. ఒకరోజు పదకొండింటికే వెళ్ళి, ఇంకా తెరవని తలుపు తట్టాను.

మాస్టర్ నన్ను చూసి వెలిగిపోయారు.

"రామ్మా, సమయానికొచ్చావు. ఇది కాస్త నోట్లో వేసుకుని చెప్పు."

వంటగదిలోకి తీసుకెళ్ళి గరిటెతో పులుసు నా అరచేతిలో పోశారు. పొయ్యి పక్కన చిన్న కాటా ఉంది, దానిమీద గిన్నెలో తూచిన ఉప్పు. దాని పక్కన అట్ట చిరిగిన నోటుపుస్తకం.

"ఇది పులుసా మాస్టర్? చింతపండు కడిగిన నీళ్ళలా ఉంది."

ఆయనకి కోపం రాలేదు. పెన్ను తీశారు.

"అంటే పులుపు తక్కువంటావా? ఇంకా ఎక్కువే ఉందా?"

"అదేం ప్రశ్న? మీరే నాలిక మీద వేసుకుని చూడండి."

మాస్టర్ గరిటె నోట్లో పెట్టుకున్నారు. మింగారు. మొహంలో ఏమీ కదల్లేదు.

"నాకు తెలీదమ్మా," అన్నారు. "కిందటేడు జ్వరమొచ్చింది. పది రోజులుండి పోయింది. పోతూ పోతూ నా ముక్కునీ నాలికనీ పట్టుకుపోయింది. ఉప్పూ పంచదారా ఇప్పుడు నాకొకటే. వచ్చేస్తుందిలే అన్నాడు డాక్టరు. ఏడాదైంది."

నా అరచేతిలో మిగిలిన పులుసు కారుతోంది.

"మరి మేం మొదటిసారి వచ్చినప్పుడు ఎలా వండారు?"

ఆయన పుస్తకం మొదటి పేజీ తీసి చూపించారు. "ఇదిగో, ఇది జ్వరానికి ముందు రాసుకున్నది. నాలికతో చూసి, తూచి రాసుకున్న కొలతలు. మీరొచ్చినప్పుడు ఈ పేజీ ప్రకారమే వండేవాణ్ణి. తర్వాత మనవాళ్ళ రివ్యూలు మొదలయ్యాయి."

రెండో పేజీ తిప్పారు. గుండ్రటి అక్షరాలతో, తారీఖు వేసి, మొట్టమొదటి వరుసలో ఉంది. పులుపు కొంచెం ఎక్కువ. దాని కింద వంకాయ కారం, దాని కింద పప్పు, దాని కింద ఉప్పు. ఒక్కొక్కదాని ఎదురుగా కొత్త కొలత.

"ఇక్కడివాళ్ళు అయిదేసి స్టార్లిస్తారమ్మా. మంచివాళ్ళు. కానీ వాళ్ళకి పులుసంటే సూపు. మనవాళ్ళు పదకొండుమంది రాశారు, పదకొండుమందీ మూడే ఇచ్చారు. ఒకరు తప్పంటే వాళ్ళ నాలిక అనుకోవచ్చు. ఇంతమందంటే నా చెయ్యే కదా? అందుకే ఒక్కోటీ దిద్దుకుంటూ వస్తున్నా. ముందు ఆ గులాబీపువ్వు బొమ్మావిడ రాసింది చూసి చింతపండు పావు తగ్గించా. మళ్ళీ ఆదివారం అందరి మొహాలూ చూశా. బాగోలేదు. ఇంకో పావు తగ్గించా. దిద్దేకొద్దీ మొహాలు ముడుచుకుంటున్నారు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి సంచిలో ఉన్న ఫోన్ మీదికి పోయింది.

"అయినా ఇంకెన్నాళ్ళులే," అన్నారాయన పుస్తకం మూస్తూ. "నెలాఖరుకి తాళాలిచ్చేస్తానని ఈ షాపు అద్దెకిచ్చిన ఓనరుతో చెప్పేశా. నలభై ఏళ్ళు వండాను తల్లీ. పెళ్ళిళ్ళకి వెయ్యేసి మందికి వండాను. తినేవాడి మొహం చూస్తే ధైర్యమొచ్చేది నాకు. ఇప్పుడు మొహాలు చూడాలంటే భయమేస్తోంది. ఎలా ఉందో తెలియని వంట పెట్టి డబ్బు పుచ్చుకోవడం నా వల్ల కాదు."

అప్పుడైనా చెప్పాలి కదా? అంత నోరున్నదాన్ని, "షిఫ్టుకి టైమైంది మాస్టర్" అని గొణిగి బయటపడ్డాను. ఛీ, ఇంతేనా నా నోరు అనిపించింది. బస్టాపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ మధ్యాహ్నం దీపం కింద అద్దాలు తిప్పుతుంటే నా కళ్ళు ఎర్ర ట్రే మీదికే పోయాయి. పాడైన అద్దం నా కళ్ళు కప్పి పచ్చ ట్రేలోకి పోయిందనుకోండి, పెట్టుకున్నవాళ్ళు తల నొప్పెడుతోందని వెనక్కి తెస్తారు. దిద్దుకోవచ్చు. మంచి అద్దాన్ని ఎర్ర ట్రేలో వేస్తే అది తిరిగి రాదు. నలగ్గొట్టి చెత్తలో పోస్తారు. అది మంచిదని ఎవరికీ ఎప్పటికీ తెలీదు. పదమూడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఎర్ర ట్రే వైపు అలా ఎప్పుడూ చూడలేదు నేను. పోయినవి ఎన్నో అని ఆ రోజు మొదటిసారి అనుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనతో అంతా చెప్పాను. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి విన్నాడు.

"రేపెళ్ళి చెప్పెయ్."

"ఎలా చెప్పను?"

"నోటితో."

"అంత తేలికగా చెబుతారేంటండీ? ఆ మనిషి దుకాణం మూసుకుంటున్నాడు, నా వల్ల!"

"అందుకే నెలాఖరు దాకా ఆగకు," అని మళ్ళీ ఇస్త్రీ మొదలెట్టాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి మాస్టర్ మునక్కాడలు తరుగుతున్నారు. కూర్చోమన్నారు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను.

"మాస్టర్, ఆ గులాబీపువ్వు నేనే."

కత్తి ఆగింది.

"పులుపు ఎక్కువన్నావు."

"అవును."

"ఎక్కువైందా?"

"లేదు. సరిగ్గా సరిపోయింది. నేను పుట్టి బుద్ధెరిగాక అంత మంచి పులుసు తినలేదు."

"మరెందుకమ్మా అలా రాశావు?"

"దిష్టి తగలకూడదని. అందరితోనూ నేనే రాయించాను."

మాస్టర్ మునక్కాడ ముక్క చేతిలో తిప్పుతూ అన్నారు, "మా అమ్మకీ ఉండేది ఈ పిచ్చి. కానీ పిల్లాడికి కాటుకచుక్క పెడితే బుగ్గ మీద పెడతాం. కంట్లో పొడవం కదమ్మా."

అక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన కాస్త నవ్వి ఊరుకునేవారేమో. కానీ ఆగితే అది మళ్ళీ సగం మాటే. అడుసు తొక్కాను, కాలు పూర్తిగా కడుక్కోవాలనుకున్నాను.

"దిష్టి ఒక్కటే కాదు మాస్టర్. మీకు పేరొస్తే జనం ఎగబడతారు, ఆదివారం మాకు టేబుల్ దొరకదు, మీరు ధర పెంచుతారు. ఇది మాకే ఉండాలని కూడా రాశాను. అప్పుడు ఒప్పుకోలేదు గానీ, నా మనసులో ఉన్నది అదే."

ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"దిష్టి మాటతో ఊరుకుని ఉంటే మర్చిపోయేవాణ్ణి," అన్నారు. "ఇది వినడానికి కష్టంగా ఉంది."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆయన ఓదార్చలేదు, వెళ్ళమనీ అనలేదు. మునక్కాడలు తరగడం పూర్తిచేశారు. నేను ముక్కు తుడుచుకుని, "మొదటి పేజీ చూసి వండండి మాస్టర్. ఎలా ఉందో నేను చూసి చెబుతాను. రోజూ వస్తాను," అన్నాను.

"నీ మాట మీదా?"

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగారు. అందుకే తగలాల్సిన చోట తగిలింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరెలాంటిదో ఆ వంటగదిలో తెలిసింది.

"మీ ఆయన ఉన్నాడే, డ్రైవరు. ఆయన్ని పిలువు," అన్నారు మాస్టర్.

"ఆయనా? ఆయనకి నాలికే లేదు మాస్టర్. గడ్డి పెట్టినా బాగుందంటాడు."

"పిలువమ్మా."

పదకొండుంపావుకి మా ఆయన బస్సు చివరి స్టాపుకొస్తుంది, పది నిమిషాలు ఆగుతుంది. యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చాడు. మొదటి పేజీ ప్రకారం చేసిన పులుసు అప్పుడే దించారు. నేను చూసి బాగుందన్నాను. మాస్టర్ తలూపలేదు, మా ఆయన చేతిలో పోశారు. ఆయన కళ్ళు మూసుకుని చప్పరించాడు.

"ఉప్పు సరిపోయిందండీ. బెల్లం కూడా. పులుపు మాత్రం ఆ మొదటి ఆదివారం ఉన్నంత లేదు. చింతపండు మార్చారా?"

మాస్టర్ అలమర తెరిచి చూశారు. పొట్లం వేరేది, ఈమధ్య తెచ్చింది. ఒకే బరువు తూచినా ఇందులో పులుపు తక్కువ. ఇంకాస్త వేడినీళ్ళలో నానేసి, పిండి, ఆ రసం పోశారు. మా ఆయన మళ్ళీ చూసి, "ఇప్పుడుంది అదే పులుసు," అన్నాడు. నేనూ మళ్ళీ చూశాను. నిజం. నా నాలిక పట్టుకోలేనిది ఆయన నాలిక పట్టింది. లేదా, మాస్టర్‌ని సంతోషపెట్టాలన్న తొందరలో నేనే పట్టించుకోలేదు.

బస్సు దాకా ఆయన వెంట నడిచాను.

"ఇంత తెలిసినవారు, ఇంట్లో ఉప్పు లేని కూర కూడా బాగుందంటారేంటండీ?"

"ఇంట్లో ఉప్పు తగ్గితే డబ్బా పక్కనే ఉంటుంది, వేసుకుంటాను. దానికి నీతో చెప్పేదేముంది? ఇక్కడ మాస్టర్ ఉప్పు గురించే అడిగారు కదా," అని బస్సెక్కి తలుపు మూసేశాడు. ఇరవై రెండేళ్ళు ఆ మనిషి మెప్పుని నేను లెక్కలోకే తీసుకోలేదు. స్టాపులో నిలబడి కాసేపు బస్సు వెళ్ళినవైపే చూశాను.

ఆ సాయంత్రమే పాత రివ్యూ తీసేసి కొత్తది రాశాను. ఇంతకుముందు రాసింది అబద్ధమనీ, పులుపు మొదటి నుంచీ సరిగ్గానే ఉందనీ. గ్రూపులో కూడా జరిగింది చెప్పాను. ఇద్దరు నన్ను తిట్టిపోశారు, తిట్టించుకున్నాను. అందరూ మార్చి రాశారు. నెలాఖరు వచ్చింది. మాస్టర్ తాళాలివ్వలేదు, ఇంకో నెల చూస్తానని ఓనరుకి కబురు పంపారు. ఆ తర్వాత ఇంకో నెల. జనం నిజంగానే పెరిగారు. ఆదివారం మేం తాళాల షాపు ముందు అరగంట నిలబడుతున్నాం. ధర కూడా కొంచెం పెరిగింది. నిలబడినప్పుడల్లా కాళ్ళు నొప్పెడతాయి, నోరు మూసుకుంటాను.

రోజూ పదకొండింటికి వెళ్తున్నాను. పప్పు, కూర, పులుసు వరుసగా చూసి చెబుతాను. మాస్టర్ వింటారు, పుస్తకంలో రాసుకుంటారు. కానీ నా మాట మీద ఏ గిన్నే దించరు, ఏ గిన్నెలోనూ ఏదీ కలపరు. పదకొండుంపావుకి మా ఆయనొచ్చి చూసి చెప్పేదాకా గరిటె పట్టుకుని నిలబడతారు. రోజుకి మూడుసార్లు, వారానికి ఆరు రోజులు, నాలుగు నెలలు. మొదట్లో అవమానంగా ఉండేది. పోనుపోను ఒక సుఖం కూడా తెలిసింది. నేను పొరపడ్డా వెనక ఆయనున్నాడు కదా అని. కొన్నిసార్లు పైపైన చూసి చెప్పేసేదాన్ని.

నిన్న మా ఆయనకి ఉన్నట్టుండి సాయంత్రం షిఫ్టు వేశారు. పొద్దున పూట మరో ఊళ్ళో ఏదో శిక్షణ ఉందని పంపారు, ఫోను కూడా అందదు. ఆ మాట మాస్టర్‌తో చెప్పాను. ఆయన గడియారం చూశారు. పదకొండూ ఇరవై. బయట అప్పటికే నలుగురు నిలబడ్డారు. పులుసు గరిటెతో తీసి నా చేతిలో పోశారు.

"ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాను, అలవాటుగా.

మాస్టర్ ఇంకేమీ అడగలేదు. రెండు చేతులా మసిగుడ్డలు పట్టుకుని, గిన్నె దించడానికి వంగారు.

నాలుగు నెలలుగా నేను ఎదురుచూసింది ఇదే కదా? కానీ ఆ గిన్నెడు పులుసు బయట కూర్చోబోయే అందరి నోళ్ళలోకీ నా ఒక్కదాని మాట మీద వెళ్ళబోతోంది. ఆ మాట నేను ఆలోచించి కూడా అనలేదు.

"ఆగండి మాస్టర్. ఇంకోసారి పోయండి."

ఆయన గిన్నె వదిలి, గరిటె అందుకున్నారు. నేను గ్లాసెడు నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, అరచేయి కడుక్కుని, తుడుచుకుని చాపాను. ఈసారి కళ్ళు మూసుకుని నెమ్మదిగా చూశాను. ఉప్పు చూశాను. బెల్లం చూశాను. పులుపు అంచుల్ని పట్టుకునేదాకా ఆగాను.

"బాగుంది," అన్నాను.

"ఇందాకా అదే అన్నావు కదమ్మా?"

"ఇందాక చూడకుండా అన్నాను."

మాస్టర్ నా మొహం వైపు ఒక్క క్షణం చూశారు. గిన్నె దించి, తలుపు తెరవడానికి వెళ్ళారు.